మలుపులో మిగిలేది

మూడు రోజుల్లో మూడోసారి ఇంజను స్పార్కు ప్లగ్గులు విప్పుతోంది ఆమె. మొదటిరోజు అనుమానంతో విప్పింది, రెండోరోజు ఓపికతో విప్పింది. ఇవాళ మాత్రం కసితో విప్పుతోంది. తొమ్మిది సిలిండర్ల ఇంజను, సిలిండరుకి రెండేసి. మొత్తం పద్దెనిమిదింటినీ పాత దుప్పటి ముక్క మీద పేరిస్తే, పద్దెనిమిదీ లేత ఇటుక రంగులో, బడి మొదటిరోజు పిల్లల్లా బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్కటంటే ఒక్కటి నల్లబడి ఉన్నా, నూనె కారి ఉన్నా ఆమె ప్రాణం కుదుటపడేది. రోగం ఉందని రోగి మొత్తుకుంటుంటే నాడి మాత్రం నిక్షేపంగా కొట్టుకుంటున్నట్టుంది వ్యవహారం.

పొలాలకు మందు చల్లే విమానం అది. ఒంటి సీటు, కింది రెక్కలు, ముందు పెద్ద ముక్కు, ముక్కుకీ పైలెట్టుకీ మధ్య మందు తొట్టి. రేకుల షెడ్డులో, మట్టి పరుగుబాట పక్కన, ఈగల మధ్య దాని కాపురం. దాని బాగోగులన్నీ ఈ మెకానిక్కువే. ఆమె సంతకం లేనిదే అది నేల విడవకూడదు.

"దొరికిందా అమ్మాయ్?" అంటూ వచ్చాడు పైలెట్టు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఎండకి మెడ వెనక తోలు బీటలు వారింది గాని, నడకలో తూగు లేదు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆమెకి ఆయన బాబాయే.

"దొరకాలంటే ముందు ఏదైనా పోవాలి కదా బాబాయ్."

"పోయిందనే కదా చెబుతున్నాను."

"సరే. ఏం జరుగుతోందో ఇంకోసారి చెప్పు."

"మలుపులో నిలబడట్లేదు."

"నిలబడకపోవడమంటే?"

"నిలబడకపోవడమంటే నిలబడకపోవడమే." ఆయన అరచెయ్యి గాల్లో చాపి, నేరుగా పోనిచ్చి, ఒక పక్కకి వాల్చి తిప్పాడు. తిరుగుతున్నకొద్దీ చెయ్యి కిందికి దిగిపోయి నడుం దగ్గర ఆగింది. "ఇదిగో, ఇట్లా. ముక్కు ఎత్తి పట్టుకుంటే వేగం చస్తుంది. వేగం కాపాడుకుందామంటే ఎత్తు జారుతుంది. థ్రాటిల్ చూస్తే అప్పటికే చివరికంటా ఉంది. ఇంకెక్కడికి తొయ్యను, నా నెత్తికా?"

"నేరుగా పోతున్నప్పుడు?"

"బంగారం."

"అయితే ఇంజను బాగున్నట్టే."

"ఇంజను బాగాలేదని నేనెప్పుడన్నాను?"

"మరి ఏది బాగాలేదు?"

"మలుపు."

ఆమె చేతిలోని స్పానరు పెట్టెలోకి విసిరింది. మలుపు బాగాలేదట. మలుపుకి బోల్టులుంటే బిగించేది, గొట్టాలుంటే ఊదేది. గాల్లో గీసి గాల్లోనే చెరిపేసే గీతని ఏ రెంచి పెట్టి పట్టుకుంటుంది?

మందు చల్లే పనిలో సగం మలుపులే. పైరు మీద మనిషెత్తున ఎగురుతూ మడి ఈ చివర నుంచి ఆ చివరకి పోవాలి, అక్కడ చెట్లు దాటేలా లేవాలి, రెక్క వాల్చి వెనక్కి తిరగాలి, పక్క చాలులో దిగాలి. పొద్దున తొమ్మిదింటికి గాలి లేచేలోపు అలా యాభై సార్లు. మలుపు తిరిగినంతసేపూ మందు పడదు, పెట్రోలు మాత్రం పోతుంది. అందుకే యజమానికి మలుపంటే గిట్టదు. పైలెట్టు అక్కడేదో కూర్చుని కబుర్లు చెబుతున్నాడేమో అన్నట్టు మెడలో వాచీ వేలాడేసుకుని సెకన్లు లెక్కపెడుతుంటాడు. ఈ సీజనుకి మందు చిమ్మే కొత్త గొట్టం తెప్పించింది కూడా ఆయనే. రెక్క కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా, యాభై రెండు నాజిళ్లతో. పాత గొట్టం కంటే పక్కకి ఒకటిన్నర బార పొడుగు. చాలు వెడల్పవుతుంది, చాళ్లు తగ్గుతాయి, మలుపులు తగ్గుతాయి. లెక్క బాగానే ఉంది. నాలుగు రోజులు వెల్లకిల పడుకుని ఆ గొట్టాన్ని బిగించింది మెకానిక్కే. బిగించాక నేరుగా ఎగిరించి చూస్తే గంటకి ఆరు కిలోమీటర్లు వేగం తగ్గిందంతే. ఆరు కిలోమీటర్లకి ఎవరేడుస్తారు?

జీపు వచ్చి ఆగింది. యజమాని దిగుతూనే వాచీ పైకెత్తి చూపించాడు, దొంగసొత్తు పట్టుకున్నవాడిలా.

"నిన్న మలుపుకి యాభై ఐదు సెకన్లు. పోయిన సీజను నలభై. నేనేమైనా ఊరేగింపు పెట్టానా ఇక్కడ?"

"విశాలంగా తిప్పుతున్నాను సార్. బిగించి తిప్పితే నిలబడట్లేదు" అన్నాడు పైలెట్టు.

యజమాని ఆయన వంక చూడలేదు. ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా మేస్త్రీ, ఒక్క ముక్కలో చెప్పు. ఇంజను బాగుందా?"

"బాగుంది సార్."

"విమానంలో లోపం ఉందా?"

"కనబడలేదు."

"కనబడలేదా, లేదా?"

దుప్పటి ముక్క మీద పద్దెనిమిది ప్లగ్గులూ ఆమె ముఖంలోకే చూస్తున్నాయి. మూడు రోజులుగా వెతికిన వేళ్లు, గోళ్లకింద నల్లగా, జవాబు లేకుండా ఉన్నాయి.

"లేదు" అంది.

"అయితే రాయి."

లాగ్‌బుక్కు తెచ్చి రాసింది: 'ఇంజను, విమానం పరీక్షించడమైనది. లోపమేమీ లేదు.' కింద సంతకం. యజమాని అది రెండుసార్లు చదువుకుని, తృప్తిగా మూశాడు.

"విమానంలో లోపం లేదు. ఇంక మిగిలింది మనిషే. రేపట్నుంచి మన కుర్ర పైలెట్టు జెట్టు ఎగురుతాడు. నువ్వు నీళ్ల ట్యాంకరు చూసుకో పెద్దాయనా. సీజను అయ్యాక ఇదే కాయితం జతచేసి లైసెన్సు ఆఫీసుకి రాస్తాను. కళ్లో, గుండో, వాళ్లే తేలుస్తారు."

అటువంటి కాయితం ఒకసారి ఆ ఆఫీసుకి చేరిందంటే ఈ వయసులో మళ్లీ సీటెక్కడం కల్ల. అది అక్కడున్న ముగ్గురికీ తెలుసు. జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

పైలెట్టు చేతి తొడుగులు తీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు. "నువ్వూ అదే అనుకుంటున్నావా అమ్మాయ్?"

అలిసిపోయి ఉంది, ఓడిపోయి ఉంది. అలాంటప్పుడు నోరు జారడానికి నూనె అక్కర్లేదు.

"నువ్వు చెప్పేది నాకర్థం కావట్లేదు బాబాయ్. భయం ఎవరికైనా వస్తుంది. వచ్చిందని ఒప్పుకుంటే పోయేదేముంది? విమానం మీద పెట్టడం దేనికి?"

ఆయన ట్యాంకరు వైపు నడిచి, దాని టైర్లలో గాలి ఉందో లేదో ఒక్కొక్కటీ కాలితో తన్ని చూశాడు.

*

జెట్టుకి ఇరవై ఎనిమిదేళ్లు. నడిచినా పరిగెత్తినట్టే ఉంటాడు కాబట్టి ఆ పేరు. మర్నాడు మొదటి మలుపే ముప్పై ఎనిమిది సెకన్లలో తిప్పాడు. చాలు చివర్న ముక్కు ఆకాశానికెత్తి ఒక్క లాగు లాగాడు. పైన రెక్క మీద నిలబడ్డట్టు తిరిగి, గద్ద కోడిపిల్ల మీదికి వచ్చినట్టు కిందికి దూకి, పక్క చాలులో పడ్డాడు. గట్టు మీద రైతులు ఈలలేశారు. యజమాని వాచీని అద్దం చూసుకున్నట్టు చూసుకున్నాడు.

"చూశావా మేస్త్రీ? అదే విమానం. అదే గొట్టం."

చూసింది. సంతోషించాల్సిన మాటే, తన సంతకం నిజమైంది కదా. కాని ఆమె చూపు పక్కకి పోయింది. ట్యాంకరు దగ్గర పెద్ద పైలెట్టు నీళ్లగొట్టం చంకలో ఇరికించుకుని తల వంచుకు నిలబడ్డాడు. విమానం వంక చూడట్లేదు. వింటున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడి పాదం నేల మీద నొక్కుకుంటోంది, అక్కడేదో పెడలున్నట్టు.

ఆమె దగ్గరికెళ్లి, ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది. "బాగానే తిప్పుతున్నాడు కదా బాబాయ్."

"తిప్పుతున్నాడు."

"మరి?"

"అది తిప్పడం కాదు, దూకడం. పైకి పోతూ వేగం పారేస్తున్నాడు, ఎత్తు పారేసి వేగం తెచ్చుకుంటున్నాడు. సగం తొట్టితో చెల్లుతుంది." ఆయన నీళ్లగొట్టం మూతి తుడిచాడు. "నాకెందుకులే. నేను ట్యాంకరు మనిషిని."

ఆ మాట ముల్లులా దిగింది. తీసుకోవడానికి తలా తోకా దొరకని ముల్లు.

మూడోరోజు పొలం పెద్దది. మడి చివర గాలికి అడ్డంగా పెంచిన చెట్ల వరుస రెండు తాటిచెట్లంత ఎత్తు. దూరమని తొట్టి నిండా మందు పోయించాడు యజమాని. ఆమె గట్టు మీద ఉంది. విమానం చాలు ముగించి లేచింది, లేవడంలోనే బరువు తెలిసింది. రెక్క వాలింది. తిరుగుతోంది. తిరుగుతూ తిరుగుతూ చెట్ల వెనక్కి దిగిపోయింది. ఇంజను మోత ఉంది, విమానం లేదు. ఆమె లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. చెట్ల కొసల్లోంచి ఆకులు లేచి, వాటి వెనక రెక్క లేచి, విమానం బయటపడింది.

"ముప్పై ఏడు!" అన్నాడు యజమాని. ఆయన వాచీ చూస్తున్నాడు, చెట్లని చూడలేదు.

దిగాక జెట్టు ఎప్పటికన్నా గట్టిగా నవ్వాడు, ఎప్పటికన్నా ఎక్కువ నీళ్లు తాగాడు. రెక్క కింద వంగి, గొట్టం చివరి నాజిలుకి చిక్కుకున్న పచ్చి రెమ్మని లాగి జేబులో కుక్కుకోవడం ఆమె ఒక్కతే చూసింది.

చితికిన పురుగుల రసం గట్టిపడకముందే రెక్కల అంచులు తుడవాలి, తడిగుడ్డ తీసుకుని మొదలుపెట్టింది. ఎడమ రెక్క అంచుకి సగంలో చిటికెనవేలు పట్టేంత చిల్లు ఉంటుంది. వేగం బాగా తగ్గి రెక్క ఇక మొయ్యలేనని చేతులెత్తేసే ముందు, ఆ చిల్లు గాలిని లాగడంతో లోపలున్న హెచ్చరిక పీక మోగుతుంది. పైలెట్టు చెవి పక్కనే మోగే చావుకేక అది. ఆమె వేలు అలవాటుగా చిల్లులోకి పోయింది. పోలేదు. మెత్తగా తగిలింది.

దూది.

జెట్టు షెడ్డు వెనక తొట్టి దగ్గర తల మీద నీళ్లు పోసుకుంటున్నాడు. ఆమె అరచెయ్యి చాపింది. దూది ఉండ చూసి వాడి నవ్వు నీళ్లతోపాటు కారిపోయింది.

"ఇదేంట్రా?"

"అక్కా..."

"అక్కా లేదు చెల్లీ లేదు. ఇదేంటి?"

"ప్రతి మలుపులోనూ అరుస్తోందక్కా. మొదలుపెట్టిన దగ్గర్నుంచి బయటికొచ్చేదాకా అరుస్తూనే ఉంటోంది. చెవులు పోతున్నాయి." తల తుడుచుకోవడం మర్చిపోయి నిలబడ్డాడు. "థ్రాటిల్ మొత్తం తోసే ఉంటుంది. అయినా వేగం అట్లా పోతూనే ఉంటుంది, అడుగున చిల్లు పడ్డ కుండలో నీళ్లలాగ. నా చెయ్యి మోటుదేమో అనుకున్నా."

"చెప్పొచ్చుగా?"

"చెప్పినాయన ఏమయ్యాడో చూశాగా" అన్నాడు జెట్టు.

*

ఆ మధ్యాహ్నం ఆమె విమానం తోకని షెడ్డు వెనక కాంక్రీటు స్తంభానికి కట్టింది. మధ్యలో బస్తాలు తూచే వేలాడే కాటా తగిలించింది. జెట్టుని సీట్లో కూర్చోబెట్టి, చక్రాలకి అడ్డుదుంగలు పెట్టి, థ్రాటిల్ మొత్తం తొయ్యమంది. ప్రొపెల్లరు గాలికి షెడ్డు రేకులన్నీ ఒక్కసారి పూనకం వచ్చినట్టు ఊగాయి. తాడు బిగిసింది, ముల్లు ఎక్కింది. ఏడు వందల అరవై కిలోల దగ్గర నిలబడింది. పోయిన సీజను ఇదే తాడుతో ఇదే స్తంభానికి కట్టి రాసుకున్నది ఏడు వందల యాభై ఐదు.

లాగుడు తగ్గలేదు. ఇంజనుకి పాపం ఏ పాపమూ తెలియదు. లాగుడు తగ్గకుండా వేగం పోతోందంటే ఈడ్పు పెరిగి ఉండాలి, గాలి వెనక్కి ఈడ్చే ఈడ్పు. ఈ సీజనుకి విమానానికి కొత్తగా తగిలింది ఆ గొట్టం ఒక్కటే. బిగించింది తనే, నాజిళ్లన్నీ ఒక్క వరసలో ఉన్నాయా లేదా అని దారం కట్టి మరీ చూసుకుంది. బిడ్డ వంకర అని ఊరంతా చెప్పినా తల్లికి కనబడదు.

అయినా ఒక మెలిక తెగలేదు. గొట్టమే దోషి అయితే నేరుగా పోయేటప్పుడు ఆరు కిలోమీటర్లతో ఎందుకు వదిలేస్తోంది? మలుపులోనే ఎందుకు పీక పట్టుకుంటోంది?

సాయంత్రం ఇంటికి పోయి, అన్నం ముందు కూర్చుని కలపడం మర్చిపోయింది. భర్త బస్సు డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. అత్త కుట్టుమిషను మీద స్కూలు యూనిఫారాలకి కాజాలు తీస్తోంది.

"ఆ అన్నాన్ని చూపులతో తినేస్తావా, చేత్తో తింటావా?" అంది అత్త, కళ్లజోడు పైనుంచి.

"ఒక లెక్క తెగట్లేదత్తయ్యా."

"చెప్పు. నాకు రాకపోతే అప్పుడు తిడుదువుగాని."

ఆమె ఎడమచేత్తో అత్త కత్తిరింపుల కాయితం లాక్కుని సుద్దముక్కతో గీసింది. "ఇంజను బలం వంద పాళ్లు అనుకో. నేరుగా పోతే గాలి ఈడ్పుకి అరవై చాలు. నలభై మిగులుతుంది. కొత్త గొట్టం ఒక పది తింది. ఇంకా ముప్పై మిగులే. ఎవరికీ తెలీదు."

"ఊఁ."

"ఇప్పుడు తిరగాలి. తిరగాలంటే రెక్క వాల్చాలి. వాలిస్తే రెక్క మోసే బలంలో కొంత పక్కకి లాగడానికి పోతుంది. మరి విమానం పడకుండా మొయ్యాలి కదా? అందుకని రెక్క ఎక్కువ మొయ్యాలి. బాగా వాలిస్తే రెట్టింపు." రాస్తూ రాస్తూ ఆమె చెయ్యి నెమ్మదించింది. ఇదంతా పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. "మోసే బరువు రెట్టింపైతే, ఆ బరువు వల్ల వచ్చే ఈడ్పు రెట్టింపు కాదు. నాలుగింతలు. అరవైలో దాని వాటా పన్నెండే అనుకున్నా, అరవై కాస్తా దాదాపు తొంభై ఐదవుతుంది. వందలో మిగిలేది అయిదు. ఆ అయిదు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉండొచ్చు, వేగం పోదు, ఎత్తు పోదు. ఇప్పుడు గొట్టం వచ్చి పది అడుగుతుంది. పది కూడా కాదు. ఇది రెక్క కొసదాకా ఉంది. రెక్క కష్టపడుతున్నప్పుడు కొస దగ్గర గాలి సుడి తిరుగుతుంది, సరిగ్గా అక్కడే అడ్డం పడింది. పదిహేను అడుగుతుంది. ఎక్కణ్ణుంచి తేవాలి?"

"లేనప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఉన్నదాంట్లోంచే కోస్తారు."

"అదే. వేగంలోంచి కోస్తుంది. లేకపోతే ఎత్తులోంచి." సుద్దముక్క విరిగింది. బాబాయి అరచెయ్యి తిరుగుతూ తిరుగుతూ నడుం దగ్గరికి దిగిపోవడం కళ్లముందు కదిలింది. ఆయన ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. తనకి అక్షరాలతో చెబితేగాని ఎక్కదు, ఆయన చేత్తో చెప్పాడు.

అత్త దారం పళ్లతో కొరికింది. "అంటే తీరిగ్గా ఉన్నప్పుడు కనబడని బరువు, పని మీద పడ్డప్పుడు నడుం విరుస్తుందంటావ్. దీనికి ఇంత సుద్ద దేనికే? నలభై ఏళ్లు మీ మామయ్యతో కాపురం చేశాను, నన్నడిగితే చెప్పనా?"

నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. భయమని ఆయన మొహం మీదే అన్న మాటని ఏ నీళ్లతో కడగాలి?

*

పొద్దున యజమాని వచ్చేసరికి ప్రొపెల్లరుకి ఎర్రగుడ్డ వేలాడుతోంది. ఎర్రగుడ్డ కట్టిన విమానాన్ని మెకానిక్కు విప్పిందాకా యజమాని కూడా ముట్టుకోకూడదు.

"ఏంటిది? గాలి చల్లగా ఉంది, రైతులు పొలాల్లో నిలబడి ఉన్నారు, ఏంటీ వేషాలు?"

"విమానం మలుపుకి పనికిరాదు సార్. గొట్టం వల్ల."

"మొన్న నువ్వే కదమ్మా లోపం లేదని రాసింది?"

"నేనే. తప్పు రాశాను."

లాగ్‌బుక్కు తెరిచి చూపించింది. ఆ పుస్తకంలో చెరపడానికి వీల్లేదు, దిద్దడానికి వీల్లేదు. తప్పు రాస్తే ఒకే ఒక్క గీత, కింది అక్షరాలు కనబడేలా కొట్టి, పక్కన పొడి సంతకం పెట్టి, నిజం కింద రాయాలి. రాసింది: 'మలుపులో విమానం నిలబడటం లేదని పైలెట్టు మూడుసార్లు చెప్పారు. నేను నేల మీద ఇంజను మాత్రమే చూసి లోపం లేదని రాశాను. ఇంజను లాగుడు సరిగానే ఉంది. కొత్త గొట్టం ఈడ్పు మలుపులో ఆ లాగుడికి మించిపోతోంది. పైలెట్టు చెప్పింది నిజం.'

యజమాని చదువుతుంటే చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి. "ఈ గీతలు కొట్టే సంతకానికి ఇంక విలువేముంది?"

"నిన్నటిదాకా లేదు సార్."

"నేను తెప్పించిన గొట్టం మీద పెడతావా? జెట్టు తిప్పట్లేదూ? ముప్పై ఏడు సెకన్లు! ఏరా, చెప్పవేం?"

జెట్టు షెడ్డు గుంజకి ఆనుకుని బూటు ముక్కుతో మట్టి గీస్తున్నాడు. తలెత్తలేదు. "తిప్పడం కాదు సార్ అది. పడిపోతూ ఆగడం. నిన్న చెట్లు తగిలాయి. పీక మోగుతోందని దూది పెట్టుకున్నా. గుడ్డ విప్పినా నేనెక్కను."

యజమాని వాచీని గుప్పిట్లో పెట్టుకుని బొటనవేలితో రుద్దాడు. కోపం ఉంది, కాని అది ఎవరి మీద నిలబడాలో దానికి చోటు దొరకట్లేదు. చివరికి కలం లాక్కుని, ఆమె రాసిన దాని కింద, కాయితం చిరిగేంత గట్టిగా సంతకం గీకాడు.

"పాత గొట్టమే ఎక్కించు. రేప్పొద్దున కల్లా ఎగరాలి." జీపు దాకా పోయి, తలుపు మీద చెయ్యేసి ఆగాడు. ట్యాంకరు వైపు చూశాడు, పిలుద్దామన్నట్టు. పిలవలేదు. "రేపు ఎవరెక్కుతారో మీరే చూసుకోండి" అని గాలికి చెప్పి పోయాడు.

ఆమె ట్యాంకరు దగ్గరికి నడిచింది. పెద్ద పైలెట్టు దాని కింద పడుకుని కారుతున్న కుళాయికి నార చుడుతున్నాడు. కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కాళ్లతోనే మాట్లాడింది.

"బాబాయ్, పుస్తకంలో మార్చి రాశాను. ఆయన సంతకం పెట్టాడు. ఇంక ఆ కాయితం ఎక్కడికీ పోదు."

"విన్నాను. ఆయన అరిస్తే పక్కూరికి వినబడుతుంది."

"ఆ రోజు అన్న మాట..."

"ఆ నార ముక్క ఇటందుకో."

అందించింది. చుట్టడం అయిందాకా ఆయన బయటికి రాలేదు. వచ్చి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది.

"గొట్టం మొత్తం విప్పేస్తున్నా. పాతది ఎక్కిస్తా" అంది.

"మొత్తం దేనికి? నాలుగు రోజులు పడుకుని బిగించావ్." ఆయన విమానం దగ్గరికి వచ్చి రెక్క కింద దూరి, విమానం పొట్ట దగ్గర మొదలుపెట్టి గొట్టాన్ని వేళ్లతో తడుముతూ కొస వైపు నడిచాడు. ఒకచోట ఆగాడు. కొంచెం వెనక్కి వచ్చాడు. మళ్లీ ఆగాడు. "ఇక్కడిదాకా పర్లేదు. ఇక్కణ్ణుంచి అవతలుందే, ఇదే. రెక్క వాల్చగానే ఎవరో మోచెయ్యి పట్టుకుని వెనక్కి ఈడ్చినట్టుంటుంది. రెండు పక్కలా మూడడుగులు కోసెయ్. అయినా ఈ చివర్లో పడే మందు పైరు మీద పడట్లేదు. సుడిగాలికి ఎగిరి పక్కవాడి పొలంలో పడుతోంది."

పద్దెనిమిది ప్లగ్గులు మూడుసార్లు విప్పింది. తోకకి తాడు కట్టింది. అత్త కాయితం నిండా సుద్ద గీసింది. చోటుతో సహా ఇక్కడ, ఈయన మోచేతిలో ఉంది జవాబు.

"ఇంత తెలిసి మొదటిరోజే చెప్పొచ్చుగా బాబాయ్?"

"నువ్వు ఇంజను సంగతి అడిగావు, చెప్పాను. ఆయన సెకన్లు అడిగాడు, చెప్పాను." ఆయన గొట్టం మీద నుంచి వేలు తియ్యలేదు. "ఎక్కడ పట్టుకుంటోంది అని ఎవరూ అడగలేదమ్మాయ్."

జేబులోంచి సుద్దముక్క తీసి ఆయనకిచ్చింది. వేలు ఉన్నచోట గీత గీశాడు. ఆమె అలవాటు కొద్దీ టేపు బయటికి లాగింది. గీత వంక చూసి, మళ్లీ జేబులో పెట్టేసుకుంది.

"కుడిపక్కది?" అంది.

"అది దీన్ని చూసి టేపుతో కొలుచుకో. నా చేతులు రెండూ ఒక్కలాంటివే అని నేను పూచీ ఇవ్వలేను."

రంపం తెచ్చి సుద్దగీత మీద ఆనించింది. గొట్టం వణక్కుండా ఆయన చివర పట్టుకున్నాడు. అల్యూమినియం కిచకిచలాడుతూ తెగింది. పొట్టు మెరుస్తూ ఇద్దరి చెప్పుల మీదా రాలింది. మూడడుగుల ముక్క ఆరు నాజిళ్లతో సహా ఆయన చేతిలోకి వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆమె చేతికిచ్చాడు.

ఆమె బరువుకి సిద్ధమై రెండు చేతులూ చాపింది. చేతులు పైకి లేచిపోయాయి. అంత తేలిగ్గా ఉంది.